ఇచ్చిన కూలి వెనక్కి

ఎస్పీ ఆఫీసు నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ఒక పెళ్లికూతురి జాకెట్టుకు చేతులు కుడుతున్నాను. మిషను ఆపకుండానే ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని "చెప్పండి" అన్నాను. విదేశీయుల సంగతులు చూసే విభాగమట. "మీ ఇంట్లో అద్దెకుండే విదేశీ విద్యార్థిని మీవాళ్ల చేన్లో కూలికి పోయిందామ్మా?" అని అడిగాడు అవతలాయన.

"పోయింది" అన్నాను. వెంటనే "పోలేదు" అన్నాను. అదీ చాలక "ఎవరు చెప్పారు మీకు?" అని ఎదురు తిరిగాను. నా నోరే అంత. ముందు తెరుచుకుంటుంది, ఆ తర్వాత ఆలోచిస్తుంది.

ఆయనకు కోపం రాలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "సోమవారం పొద్దున ఆ అమ్మాయిని తీసుకుని రండి. కూలి ఇచ్చినావిడ కూడా రావాలి. వీసా పొడిగింపు కాగితాలు మా దగ్గరే ఆగి ఉన్నాయి" అని పెట్టేశాడు. జాకెట్టు చెయ్యి తిరగేసి కుట్టేశానని తర్వాత చూసుకున్నాను.

మా మేడ మీద గదిలో ఉండే ఆ అమ్మాయిది ఆఫ్రికాలో మలావి దేశం. ఇక్కడి విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ల మీద పెద్ద చదువు చదువుతోంది, మా మధ్య ఉండి తెలుగు కూడా నేర్చుకుంది. అనంతపురంలో ఆమెకు గది దొరకడానికి ఎన్ని వీధులు తిరిగిందో ఆమెకే తెలుసు. "టు లెట్" అని రాసిన గేట్ల ముందు నిలబడితే లోపలి నుంచి "అయిపోయింది" అనేవాళ్లట, బోర్డు మాత్రం తీసేవాళ్లు కాదట. నేను గది ఇచ్చినప్పుడు పక్కింటావిడ వచ్చి "ఏం ధైర్యమమ్మా నీది" అంది. "నీ కొడుకు పోయిన దేశంలో వాడికి ఇల్లిచ్చినోళ్లను కూడా ఇట్లనే అడిగినారా?" అన్నాను. ఆవిడ నాతో రెండు నెలలు మాట్లాడలేదు. నాకూ హాయిగానే ఉండింది.

విదేశీయులకు ఇల్లిస్తే పోలీసులకు ఆన్‌లైన్‌లో ఫారం పంపాలని ఆ అమ్మాయే చెప్పింది. నెట్ సెంటరులో కూర్చుని అన్నీ నింపి పంపించాను. దాంతో రూల్సన్నీ నాకు తెలిసిపోయాయనుకున్నాను. తెలియని రూలు ఒకటి మిగిలి ఉంది.

మన పిల్లలు బయటి దేశాలకు చదువుకు పోతే అక్కడ వారానికి ఇన్ని గంటలని పని చేసుకోవచ్చు. ఈ సంగతి మా వీధిలో కూరగాయల బండాయనకు కూడా తెలుసు. ఎవరి కొడుకు ఏ పెట్రోలు బంకులో నిలబడుతున్నాడో, ఎవరి కూతురు గంటలు దాటి పని చేసి ఎట్లా భయపడుతోందో నా మిషను పక్కన కూర్చుని తల్లులు చెబుతూనే ఉంటారు. కానీ మన దేశానికి చదువుకోడానికి వచ్చిన వాళ్లు కూలి తీసుకుని ఒక్క గంట కూడా పని చేయకూడదని మాలో ఒక్కరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరికీ తోచలేదు. మనవాళ్లు పోవడమే తప్ప మన దగ్గరికి ఒకరు రావడం మాకు అలవాటు లేదు మరి.

ఆ అమ్మాయికి మాత్రం తెలుసు. చెప్పింది కూడా.

దసరా సెలవులకు హాస్టళ్లన్నీ ఖాళీ అయ్యాయి. ఆమె స్నేహితులు ఎవరి ఊళ్లకు వాళ్లు పోయారు. మేడ మీద ఒక్కతే దిగాలుగా తిరుగుతుంటే చూడలేక "మా అక్క ఊరికి పోదాం పా" అన్నాను. కుందుర్పి వైపు మా అక్కకు మెట్ట చేను ఉంది. బావ పోయాక ఆమె ఒక్కతే సేద్యం చేస్తోంది. ఆ ఏడు దేవుడి దయవల్ల శనక్కాయ పంట చేతికి వచ్చేలా ఉంది. మా సీమలో అది అరుదు కాబట్టి, వచ్చిందంటే అందరికీ ఒకేసారి వస్తుంది, కూలీలు ఎవరికీ దొరకరు.

మేం పోయేసరికి అక్క గట్టు మీద నిలబడి ఆకాశం కేసి తిట్లు తిడుతోంది. నేలలో పదును ఆరిపోతోంది. నేల గట్టిపడ్డాక చెట్టు పీకితే చెట్టు చేతికొస్తుంది, కాయ భూమిలోనే ఉండిపోతుంది. పోనీ ఒక వాన కావాలనుకుందామంటే, పీకి పరిచిన చెట్ల మీద వాన పడితే కాయ మొలకెత్తుతుంది. పడమర మబ్బులు కమ్మి మోడం పట్టి ఉంది. కూలీలు పదిమంది రావలసింది సగం మందే వచ్చారు.

ఆ అమ్మాయి ఒక నిమిషం చూసి, చెప్పులు గట్టు మీద విడిచి, ఒక సాలు పట్టుకుని వంగింది. వాళ్ల ఇంటి దగ్గర కూడా శనక్కాయే వేస్తారట. నేను "నీకెందుకమ్మా, కూర్చో" అన్నాను. ఆమె నవ్వి, తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు లేచి నిలబడి అక్కతో అంది: "అక్కా, నేను ఈడ పని చేయకూడదు. వీసాలో రాసినారు. ఊరికే సాయం చేస్తా."

మా అక్కకు వీసా అంటే ఏమిటో తెలియదు, సాయం అంటే తెలుసు. "పనేందే పాపా? ఇంటికొచ్చిన చుట్టం ఒక చెయ్యేస్తే దాన్ని పనంటారా యాడన్నా?" అంది.

ఆ రోజంతా పీకాం. వేళ్లు పగిలాయి, నడుములు విరిగాయి, మోడం మా నెత్తి మీదికి వచ్చి, మా అదృష్టం కొద్దీ కళ్యాణదుర్గం వైపు పోయింది. సాయంత్రం ఆఖరి సాలు అయ్యాక అక్క కొంగుముడి విప్పింది. మా అక్క కూలి ఇచ్చే పద్ధతి ఊరంతటికీ తెలుసు. ఫోన్లో వేయదు. రేపిస్తానని అనదు. పొద్దు గుంకక ముందే, చేను దాటక ముందే, ఒక్కొక్కరి చేతిలో తన చేత్తో పెడుతుంది. పెట్టి "సరిపోయిందా?" అని అడుగుతుంది. వరుసలో ఆ అమ్మాయి దగ్గరికి వచ్చి ఆమె చేతిలోనూ పెట్టబోయింది.

ఆ అమ్మాయి చేతులు వెనక్కి పెట్టుకుంది. "వద్దక్కా. చెప్పినా కదా."

అక్క ముఖం మారిపోయింది. "నా చేన్లో వంగినోళ్లని ఉత్త చేతులతో పంపియ్యమంటావా? అందరి ముందరా నా పరువు తీస్తావా పాపా?"

పొద్దున చుట్టమన్నది, సాయంత్రం కూలి ఇస్తానన్నది ఒకే మనిషి. రెండు మాటలూ ఆమె మనసులోంచే వచ్చాయి. కూలీలందరూ చూస్తున్నారు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను "తీసుకోమ్మా, పెద్దది బాధపడుతుంది" అన్నాను. తీసుకుంది. అక్క "సరిపోయిందా?" అని అడిగింది. "సరిపోయింది" అంది ఆ అమ్మాయి, మా అనంతపురం యాసలోనే. అందరూ గొల్లుమన్నారు.

సరిగ్గా ఆ ముక్కను ఒకాయన ఫోన్లో పట్టాడు. మండలంలో తిరుగుతూ ఫోనుకు చిన్న మైకు తగిలించుకుని వార్తలు చెప్పే మనిషి. పంటల గురించి నాలుగు మాటలు పట్టుకుపోదామని వచ్చి ఇది చూసి మురిసిపోయాడు. వెనక డప్పుల పాట పెట్టి, "మన సీమ చేలల్లో విదేశీ కూలి" అని పెద్ద అక్షరాలతో రాసి వదిలాడు. మంచి మనసుతోనే చేశాడు. వేలమంది చూశారట. ఆ వేలమందిలో ఎవరో ఒక మహానుభావుడు దాన్ని పైకి పంపాడు. చదువు పేరుతో వచ్చి కూలి పనులు చేస్తున్నారు, చర్య తీసుకోండి అని.

ఫోను వచ్చిన రోజు ఆ అమ్మాయి కాలేజీ నుంచి రాగానే చెప్పాను. మెట్ల మీదే కూర్చుండిపోయింది. ఏడవలేదు, అరవలేదు. పుస్తకాల సంచీ ఒళ్లో పెట్టుకుని "పంపించేస్తారా ఆంటీ?" అని మాత్రం అడిగింది. ఆమె వీసా ఆ నెలాఖరుకు అయిపోతుంది. పొడిగించకపోతే వెళ్లిపోవాలి. చదువు ఇంకా ఏడాది ఉంది. ఆమె చదువు కోసం వాళ్ల అన్న తన చదువు మానుకున్నాడని నాకు అంతకు ముందే చెప్పింది.

"ఎవడు పంపిస్తాడో చూస్తా" అన్నాను. అనగానే నా మీద నాకే అసహ్యం వేసింది. నేనెవరిని ఆపడానికి? జాకెట్లు కుట్టుకునే దాన్ని.

అక్కకు ఫోను చేస్తే మొదట నవ్వింది. "కూలిచ్చినందుకు పోలీసులా? ఎగ్గొట్టినోళ్లని ఒక్కనాడన్నా పిలిచినారా వీళ్లు?" తర్వాత నా గొంతు విని నవ్వు ఆపేసింది. సోమవారం మొదటి బస్సుకే దిగింది. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని.

బస్టాండులో ఒక పక్కకు తీసుకుపోయి ఆమెకు చెప్పాను. ముందు రోజంతా ఆలోచించి పెట్టుకున్న మాటలు. "కూలి అనద్దు. దసరాకు చీర కొనుక్కోమని ఇచ్చినా అని చెప్పు. పండక్కి వచ్చిన ఆడపిల్లకు ఇస్తాం కదా, అట్ల. అంతే. అంతకు మించి ఒక్క మాట ఎత్తద్దు."

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "చీర దుడ్లు ఎవురన్నా చేన్లో ఇస్తారేమే? మట్టి చేతుల్లో పెడతారా? ఇంట్లో కూర్చోబెట్టి, బొట్టు పెట్టి ఇస్తారు గానీ."

"ఆయన అదంతా చూస్తాడా?"

"ఆయప్ప చూడకపోతే నేను చూసుకోనా?"

"అక్కా, ఆ పిల్ల బతుకు నీ మాట మీద ఉండాది."

"తెలుసు లేవే" అంది. కానీ ఒప్పుకున్నట్టు లేదు.  ఆటోలో మధ్యలో కూర్చున్న ఆ అమ్మాయి నా చేయి ఎప్పుడు పట్టుకుందో తెలియదు, దిగేటప్పుడు చూస్తే గోళ్ల గుర్తులు పడి ఉన్నాయి.

మా అక్క ఎందుకట్లా ఉంటుందో నాకు తెలుసు కాబట్టే నాకు అంత భయం. మా చిన్నప్పుడు వానల్లేని ఒక ఏడాది అమ్మ, అక్క ఒక పెద్ద రైతు చేన్లోకి కూలికి పోయేవాళ్లు. కళ్లం అయ్యాక ఇస్తానన్నాడు. కళ్లం అయ్యాక కాయ అమ్మినాక అన్నాడు. అమ్మ రోజూ పొద్దున్నే వాళ్ల వాకిట్లో పోయి నిలబడేది. అక్క ఆమె పక్కన, నేను అక్క చంకలో. నాకు గుర్తు లేదు, అక్కకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. ఆయన బయటికి వచ్చి "ఏం కూలి? నువ్వు పనికొచ్చినట్టు సాక్ష్యం ఏముండాది?" అన్నాడట. ఆ రోజు నుంచి మా అక్కకు కూలి అంటే దేవుడితో సమానం. తన కంచంలో ఏమీ లేని ఏళ్లలో కూడా ఆమె ఎవరి కూలీ మర్నాటికి ఉంచలేదు.

అటువంటి మనిషిని తీసుకుపోయి, నువ్వు ఇచ్చింది కూలి కాదని చెప్పు అంటున్నాను.

ఆఫీసులో మమ్మల్ని కూర్చోమన్నాయన నడివయసు ఇన్‌స్పెక్టరు. మా సీమ మనిషే, మాట వింటేనే తెలుస్తుంది. ఫోను తీసి మా ముందు పెట్టాడు. డప్పుల పాట ఆ గదిలో మోగింది. మా అక్క చేయి, ఆ అమ్మాయి చేయి, నోట్లు, "సరిపోయిందా?", నవ్వులు. పాట అయిపోయాక ఆయన అక్కను అడిగాడు.

"ఇది మీరే కదమ్మా?"

"నేనే సార్."

"ఈమెకు ఇచ్చినది ఏం దుడ్లు?"

 అక్క కొంగు సర్దుకుంది. నా వైపు చూడలేదు.

"కూలి సార్" అంది. "అందరికీ ఎంత ఇచ్చినానో ఈ పాపకూ అంతే ఇచ్చినా. ఒక్క రూపాయి తక్కువ ఇయ్యలేదు. కావలిస్తే ఆడ పనికొచ్చినోళ్లనందరినీ అడగండి."

 నాకు ఆ గదిలోనే అక్క మీద పడి కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఆ అమ్మాయి తల దించుకుంది. ఇన్‌స్పెక్టరు కలం కింద పెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా, మీరు గర్వంగా చెప్తాండారు. కానీ మీరు చెప్పిన మాట నేను ఇట్లే రాస్తే ఈ అమ్మాయి చదువు ఈడికి ఆఖరు. వీసా మీద వచ్చినోళ్లు కూలి తీసుకోని పని చేస్తే తప్పు. పని ఇచ్చినందుకు మీ మీద కూడా కేసు అవుతాది."

"నా మీద పెట్టుకోండి సార్."

"మీ మీద పెడితే ఈమె మిగలదమ్మా. రెండూ ఒకటే."

అప్పుడు అర్థమైంది అక్కకు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. మా అమ్మ చచ్చిపోయినప్పుడు కూడా ఆమెను అట్లా చూడలేదు నేను. "ఏం చేస్తే ఈ పాప ఈడ ఉంటాది సార్?" అంది.

ఆయన జవాబు చెప్పకముందే ఆ అమ్మాయి సంచీ తెరిచింది. ఒక రుమాలులో మడిచిన నోట్లు తీసి బల్ల మీద పెట్టింది. "సార్, నేను వద్దన్నాను. అక్కకు అందరి ముందర అవమానం అని తీసుకున్నాను. ఒక్క నోటు ఖర్చు పెట్టలేదు. వాపసు ఇయ్యాలని ఉండింది, ఎట్ల ఇయ్యాలో తెలియలేదు."

అక్క ఆ నోట్ల కేసి చూసింది. అవి తన కొంగుముడిలోంచి వచ్చినవే. "నా కూలి నీకు చేదయిందా పాపా?" అంది.  ఆ అమ్మాయి "కాదక్కా, కాదు" అంటూ ఏడ్చేసింది, అప్పటిదాకా లేని ఏడుపంతా ఒకేసారి.

ఇన్‌స్పెక్టరు కాసేపు మమ్మల్ని వదిలేశాడు. తర్వాత నిదానంగా చెప్పాడు. "చూడండమ్మా. ఈ అమ్మాయి అతిథిగా వచ్చింది, తనంతట తాను చెయ్యేసింది, పని మాట్లాడుకోని రాలేదు. రూలు తెలియక మీరు దుడ్లిచ్చినారు, తెలిసినాక వెనక్కి తీసుకున్నారు. ఇది జరిగితే జరిగినట్టు నేను రాయగలను. జరగకుండా రాయలేను. ఆ దుడ్లు మీరు తీసుకుంటే నా కళ్ల ముందర జరిగినట్టు."

తీసుకోవాలి. అంతే. బల్ల మీద ఉన్నవి తీసి కొంగులో కట్టుకోవాలి. చిన్న పిల్లలు కూడా చేసే పని. మా అక్క చేయి లేవలేదు. ఫ్యాను తిరుగుతోంది, నోట్ల అంచులు లేస్తున్నాయి, ఆమె వాటి వైపు చూస్తూ రాయిలా కూర్చుంది. పని చేసిన మనిషి చేతిలోంచి కూలి వెనక్కి తీసుకోవడం! మా అమ్మకు కూలి ఎగ్గొట్టిన ఆ రైతు కూడా అంత పని చేయలేదు. వాడు ఇవ్వలేదు, అంతే. ఇచ్చి గుంజుకోలేదు. ఆమె మనసులో ఇదే తిరుగుతోందని నాకు తెలుస్తూనే ఉంది. అయినా నేను ఆగలేకపోయాను.

"తీసుకో అక్కా!" అని అరిచాను. బయట కూర్చున్న కానిస్టేబులు తలుపులోంచి తొంగి చూశాడు.

కళ్లు మూసుకుని తీసుకుంది. తీసుకున్న చేతిని చీరకు తుడుచుకుంది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఇన్‌స్పెక్టరు నిట్టూర్చి ఫోను వైపు చూపించాడు. "నేను రాసేది రాస్తాను. కానీ పైన చూసేవాళ్ల దగ్గర ఈ వీడియో ఉండాది. దాంట్లో కూలి అని ఇంత ఇంత అక్షరాలు. నా కాగితాన్ని నమ్ముతారో, దీన్ని నమ్ముతారో నేను చెప్పలేను."  ఏం చేయమనీ చెప్పలేదు.

బయటికి వచ్చి వేపచెట్టు కింద నిలబడ్డాం.  అక్క నాతో "ఆ వీడియో తీసిన ఫోనాయన నంబరు ఉండాదా నీ దగ్గర?" అంది.

ఆ సాయంత్రం బస్సుకే నేనూ ఆమెతో ఊరికి పోయాను. ఆ అమ్మాయిని రావద్దని అక్క గట్టిగా చెప్పింది. మర్నాడు పొద్దున ఆ మైకాయన వచ్చాడు, పాపం, తాను చేసిన పనికి బిక్కచచ్చిపోయి. పాత వీడియో తీసేశానన్నాడు, మీరు చెప్పింది చెప్పినట్టు పెడతానన్నాడు. అక్క కళ్లం దగ్గర నిలబడింది. నేను పక్క నుంచి చెబుతున్నాను. "వీసా సంగతి చెప్పు. ఆ పిల్ల చదువు పోతుందని తీసుకోవలసి వచ్చిందని చెప్పు. అప్పుడు జనానికి అర్థమవుతుంది."

"ఆ పాప మాట ఎత్తితే మళ్లీ ఎవడో ఒకడు దాన్ని పట్టుకోని పైకి పంపుతాడు" అంది. "నా మాట చాలు."

ఫోను వైపు తిరిగి చెప్పింది. ఒక్క అక్షరం అబద్ధం లేదు అందులో. "మా ఇంటికి చుట్టంగా వచ్చిన పాప నా చేన్లో చెయ్యేసింది. కూలికి రాలేదు. నేను అందరితో పాటు దుడ్లిచ్చినాను, అది నా తప్పు. ఆ దుడ్లు వెనక్కి తీసుకున్నా. ఇప్పుడు నా దగ్గరే ఉండాయి." మాట తడబడలేదు. చెప్పేసి లోపలికి పోయి, పొయ్యి ముందు కూర్చుని, ఏమీ వండకుండా ఊరికే కట్టెలు ఎగదోస్తూ ఉండిపోయింది.

మొదటి వీడియో కంటే ఇదే ఎక్కువమంది చూశారు. దాని కింద రాసిన మాటలు నేను చదివాను, చదవకుండా ఉండాల్సింది. ఫొటోకు ఇచ్చి వెనక్కి గుంజుకుందంట అని ఒకడు. ఊరుగాని ఊరొచ్చిన పిల్ల దగ్గర కూడానా అని ఇంకొకడు. మా కుందుర్పి పేరు తీసింది అని మరొకడు. ఒక్కొక్కడికీ జవాబు రాయబోతే అక్క ఫోను లాక్కుని ధాన్యం గంపలో పడేసింది.

ఆ నెలాఖరుకు రెండు రోజుల ముందు ఆ అమ్మాయి మెట్లు దబదబా దిగి వచ్చింది. వీసా పొడిగించారు. నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది, నా కత్తెర ఎక్కడో పడిపోయింది. ఇన్‌స్పెక్టరు ఆమెను పిలిచి, ఇంకొక్కసారి ఇటువంటి మాట వినపడితే తాను చేయగలిగింది ఏమీ ఉండదని చెప్పాడట. నాకు ప్రాణం లేచి వచ్చింది. అక్కకు ఫోను చేసి చెబితే "మంచిది. బాగా చదువుకోమను" అని పెట్టేసింది.

ఆ వీడియో ఊళ్లో ఏం చేసిందో ఆమె నాకు చెప్పలేదు. ఈ ఏడు పంటకు నేను పోయాకే చూశాను.

బయలుదేరేటప్పుడు ఆ అమ్మాయి కూడా వస్తానంది. చదువు ఆఖరికి వచ్చింది, చివరి పరీక్షలు ఇంకో నెలలో. "చెయ్యి పెట్టను ఆంటీ, గట్టు మీద కూర్చుంటా, అక్కను చూసి వస్తా." అక్కను అడిగితే ఒప్పుకోలేదు. "ఆ పాప చెయ్యి ఊరికే ఉండేది కాదు. వద్దు. పరీక్షలు రాసినాక రమ్మను, నాలుగు రోజులుంచుకుంటా" అంది.

పొద్దున్నే కూలీలు వచ్చారు. అందరూ తెలిసిన మొహాలే, చాలామంది మా అక్క చేన్లో ఏళ్ల తరబడి వంగినవాళ్లు. కానీ చేన్లోకి దిగలేదు. గట్టు మీద నిలబడ్డారు. అక్క "పొద్దెక్కుతాంది, దిగండి" అంది. ఎవరూ కదల్లేదు. చివరికి వాళ్లలో పెద్దావిడ, నవ్వుతూనే, "దుడ్లు ముందియ్యక్కా. సాయంత్రం ఇచ్చి, రేపు వెనక్కి తీసుకుంటే మేమేం చేసేది?" అంది. మిగతావాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

నా ఒళ్లు మండిపోయింది. "ఏమనుకుంటాండారు మీరు? ఈమె ఎందుకు తీసుకున్నాదో తెలుసా మీకు?" అని ముందుకు పోయాను. అక్క నా మణికట్టు పట్టుకుంది. పట్టు ఎంత గట్టిగా ఉందంటే గాజు విరిగింది.

"నోరు మూసుకో" అంది, నాకు మాత్రమే వినపడేలా. "ఇంకో నెల. ఆ పాప పరీక్షలు రాసేదాకా."

కొంగుముడి విప్పింది. ఒక్క చెట్టు కూడా పీకక ముందే, పొద్దు పూర్తిగా లేవక ముందే, వరుసగా అందరి చేతుల్లో పెట్టుకుంటూ పోయింది. "సరిపోయిందా?" అని ఎవరినీ అడగలేదు. పెద్దావిడ మాత్రం అక్క ముందరే నోట్లు విప్పి, వేలు తడి చేసుకుని, మెల్లగా ఎంచింది. ఎంచినంతసేపూ మా అక్క ఆమె ఎదురుగా తల వంచుకుని నిలబడింది.

నేను ఏడుస్తూ గట్టు మీద ఉండిపోయాను. అక్క కొంగు నడుముకు చెక్కుకుని, అందరికంటే ముందు చేన్లోకి దిగి, ఒక సాలు పట్టుకుని వంగింది. నేను కళ్లు తుడుచుకుని దిగి ఆమె పక్క సాలు పట్టుకున్నాను.